గణం ఒక దారి, మాట ఒక దారి



కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని మనకో సామెత ఉంది. కందం రాయడం ఎంత కష్టమో చెప్పడానికి పెద్దలు వాడే మాట. సామెత చెప్పే సంగతి అలా ఉంచి, అది చెప్పిన తీరు ఒక్కసారి వినండి. కందం, పంది. రెండు చోట్లా రెండో అక్షరం దకారమే, దాని ముందు సున్నతో సహా. అది ప్రాస. కందం అని ఎత్తుకున్న ముక్క కవి దగ్గర దిగింది: క, క. పంది అని ఎత్తుకున్న ముక్క బంటు దగ్గర దిగింది: ప, బ. రెండూ పెదవులు కలిస్తే పుట్టే అక్షరాలు కనుక ఛందస్సులో మిత్రులు. అది యతి. ఈ సామెతను మొదట అన్న మనిషి లక్షణ గ్రంథం ముందేసుకుని కూర్చుని అని ఉంటాడని నేననుకోను. చెవికి అమరింది, నోట నిలిచింది.

ఈ పూట పద్యం రూపాన్నీ శబ్దాన్నీ ఎలా పరిశీలించాలో మాట్లాడుకుందాం. బడిలో మనకు నేర్పిన పద్ధతి ఒకటుంది. పాదం నల్లబల్ల మీద రాస్తారు. అక్షరాల నెత్తిన గురులఘువుల గుర్తులు పెడతారు. మూడేసి అక్షరాలు విడగొట్టి భ, ర, న అని పేర్లు రాస్తారు. యతి స్థానం కింద గీత గీస్తారు. చివర ఇది ఉత్పలమాల అని తేల్చి మార్కులు పుచ్చుకుంటాం. దానితో పద్యం పేరు తెలిసింది. పద్యం ఏం చేస్తోందో తెలియలేదు. రేడియోలో బల్ల లేదు, గీతలు లేవు, ఉన్నది చెవి ఒక్కటే. ఇవాళ మన పనికి అది చాలు.

ఉదాహరణకు మహాకవుల పద్యం జోలికి వెళ్ళను. అక్కడ కథ, సందర్భం, పాత్ర, భక్తి అన్నీ కలిసి చెవిని కమ్మేస్తాయి. అందుకని ఈ ప్రసంగం కోసమే ఒక చిన్న కందం అల్లాను. కవిత్వంగా దీనికి పెద్ద విలువ కట్టనక్కర్లేదు. విప్పి చూడటానికి పనికొస్తే సరి. వినండి.

చల్లని గాలికి మబ్బులు
మెల్లగ కరిగెను చినుకుల మేళముతోడన్
పల్లెల చూరుల తాళము
జల్లుగ వినిపించె నేడు జానపదముగా

ముందు కొలత. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, అది లఘువు. దీర్ఘానికీ, సున్న ఉన్న అక్షరానికీ, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరానికీ రెండు మాత్రలు, అది గురువు. కందంలో ప్రతి గణమూ నాలుగు మాత్రలు. తకధిమి అని తొడ మీద తాళం వేసుకుంటూ చదివితే సరిపోతుంది. ఒకటో పాదం, మూడో పాదం మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాలు అయిదేసి. మొత్తం 64 మాత్రలు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి. ఇక్కడ అది ల్ల: చల్లని, మెల్లగ, పల్లెల, జల్లుగ. ఇంతవరకు లెక్క. ఇక వినడం మొదలుపెడదాం.

రెండో పాదం మళ్ళీ అంటాను. మెల్లగ కరిగెను చినుకుల మేళముతోడన్. మెల్లగ అన్న మాటలో మొదటి అక్షరం గురువు. అక్కడినుంచి మేళము అన్న మాటలోని మే వచ్చేదాకా మధ్యలో ఒక్క గురువు కూడా లేదు. ల్ల, గ, క, రి, గె, ను, చి, ను, కు, ల. వరసగా పది లఘువులు. మబ్బు కరిగి చినుకై రాలే చోట నాలుక ఎక్కడా ఆనకుండా పది సార్లు టపటపమని కొట్టింది. అర్థం చినుకు అంటోంది, శబ్దం చినుకులా రాలుతోంది. ఇదే మాటను చినుకుల బదులు వర్షధారల అని మార్చి చూడండి. అర్థం దాదాపు అదే. కాని వర్, ధా అని రెండు గురువులు వచ్చి కూర్చున్నాయి, రాలడం ఆగిపోయింది. గణమూ చెడింది, అది వేరే సంగతి.

ఒక హెచ్చరిక. లఘువులంటే వేగం, గురువులంటే గాంభీర్యం అని సూత్రం కట్టేసి ప్రతి పద్యానికీ అతికించేవాళ్ళున్నారు. శబ్దానికి సొంతంగా అర్థం లేదు. ఆ చోట చినుకు అన్న మాట ఉంది కనుక పది లఘువులు చినుకులయ్యాయి. అక్కడ కోతి అన్న మాట ఉంటే అవే గెంతులయ్యేవి. శబ్దం అర్థానికి వంత పాడుతుంది, తనంత తాను కథ చెప్పదు.

ఇప్పుడు మొదటి పాదం. చల్లని, గాలికి, మబ్బులు. మూడు మాటలు, మూడు గణాలు. మాట ఎక్కడ ముగిసిందో గణం అక్కడే ముగిసింది. పైగా మూడూ ఒకే అచ్చు: ఒక గురువు, రెండు లఘువులు, భగణం. రెండో పాదంలోనూ మెల్లగ, కరిగెను, చినుకుల అంటూ మాటకొక గణం. మూడో పాదం మళ్ళీ పల్లెల, చూరుల, తాళము. వినడానికి హాయిగా ఉంటుంది కాని ఎంతసేపు? నాలుగు పద్యాలు ఇలాగే సాగితే శ్రోత లేచి వెళ్ళిపోతాడు. నాలుగో పాదంలో నడక మారింది. జల్లుగ అన్నంతవరకు పాత పద్ధతే. తర్వాత గణాలుగా విడగొడితే వినిపిం, చె నేడు, జానప, దముగా అని వస్తుంది. వినిపించె అన్న మాటను గణం నడిమికి కోసింది. జానపదముగా అన్న మాటనూ కోసింది. తాళం ఒక చోట పడుతుంటే మాట ఇంకోచోట విరుగుతోంది. గణం ఒక దారి, మాట ఒక దారి. ఆ రెంటి మధ్య సాగే ఈ లాగులాటనే మనం పద్యపు నడక అంటాం. ఏ పద్యం చేతికి వచ్చినా నేను మొదట వెతికేది ఇదే: ఎక్కడ ఈ రెండూ కలిసి నడిచాయి, ఎక్కడ విడిపోయాయి, విడిపోయిన చోట అర్థంలో ఏం జరుగుతోంది.

కందానికి ఈ విషయంలో ఒక సొంత నాటకం ఉంది. రెండేసి పాదాలను కలిపి ఎనిమిది గణాలుగా లెక్కపెట్టండి. లఘువు, గురువు, లఘువు వరుసలో ఉండే జగణం బేసి గణాల్లో రాకూడదు. కాని ఆరో గణం మాత్రం జగణమో, నాలుగు లఘువులో కావాలి. ఎనిమిదో గణం చివర గురువు ఉండి తీరాలి. చదువుకునేటప్పుడు ఈ నియమాలు ఎవరో పిల్లల్ని ఏడిపించడానికి పెట్టినట్టుంటాయి. తాళం వేస్తూ వింటే సంగతి బోధపడుతుంది. ఆరో గణం దగ్గర, చె నేడు అన్నచోట, గురువు మధ్యకు జరిగింది, అడుగు తడబడింది. వెంటనే ఏడో గణం మొదట యతి వచ్చి పట్టుకుంది: జల్లుగలోని జకారానికి జానపదంలోని జా జత. ఆ తర్వాత ఎనిమిదో గణం గురువు మీద కుదురుగా కూర్చుంది. తడబాటు, పట్టు, స్థిమితం. 20 మాత్రల్లో ఇంత జరుగుతుంది. ప్రాకృతంలో స్కంధకం, సంస్కృతంలో ఆర్యాగీతి కందానికి పూర్వీకులు. ఆరో గణం నియమం అటునుంచి వచ్చిందే. యతిప్రాసలు తొడిగింది మాత్రం మనవాళ్ళు. కందానికి తిక్కన అని లోకం ఊరికే అనలేదు. రెండు మాటల సంభాషణ దగ్గర్నుంచి తేల్చి చెప్పే తీర్పు దాకా ఈ కొలతలో ఇమిడ్చాడాయన. సుమతీ శతకం చెప్పిన కవి కూడా ఇదే ఎంచుకున్నాడు. నీతి చెప్పేవాడికి చివర గట్టిగా కూర్చునే గురువు కంటే ఏం కావాలి?

నా కందంలో నేడు అన్న మాట సంగతి చూడండి. అర్థానికి దాని అవసరం ఏమీ లేదు. తీసేస్తే నష్టం లేదు. ఆరో గణం నియమం తీరాలి కనుక వచ్చి కూర్చుంది. ఇలాంటివాటిని పాదపూరణాలు అంటారు. పద్యాన్ని పరీక్షించేటప్పుడు మంచి పట్టు దొరికే చోటు ఇదే. రూపం కోరిన అక్షరాన్ని కవి అర్థంతో నింపాడా, ఊకతో నింపాడా? గొప్ప కవి చేతిలో ఛందస్సు బలవంతంగా అడిగిన మాటే పద్యానికి ప్రాణమైన మాట అవుతుంది. మామూలు కవి చేతిలో అది నేడు అవుతుంది.

యతి దగ్గర కాస్త నిలబడదాం. సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు. శార్దూలవిక్రీడితం చదువుతూ 12 అక్షరాలయ్యాక ఊపిరి తీసుకుంటారు, అక్కడ మాట ముగియాలి. తెలుగులో శార్దూలానికి యతి 13వ అక్షరం. చోటు అదే, పని మారిపోయింది. మనకు అక్కడ ఆగనక్కర్లేదు. మాట మధ్యలో ఉన్నా తప్పు లేదు. పాదం మొదటి అక్షరానికి అక్కడి అక్షరం మిత్రం కావాలి, అంతే. తమిళంలోనూ మోనై అని మొదటి అక్షరాల పొందికా, ఎదుగై అని రెండో అక్షరాల పొందికా ఉన్నాయి. కన్నడం ప్రాసను గట్టిగా పట్టుకుంది, మన యతిమైత్రిని మాత్రం నెత్తికెత్తుకోలేదు. కాబట్టి ఈ చెవి దక్షిణాదిది. దానిలోనూ యతిప్రాసలు రెంటినీ ఇంత కచ్చితంగా ఒకే పద్యంలో కోరింది తెలుగు చెవి.

ఎందుకు కోరింది? నాకు తోచిన జవాబు ఒకటుంది. యతి రెండు దూరపు మాటల్ని చుట్టాల్ని చేస్తుంది. జల్లుగ, జానపదముగా. వాన జల్లుకూ జానపద గీతానికీ నిఘంటువులో ఏ సంబంధమూ లేదు. జకారం రెంటినీ ఒక తాటికి కట్టింది. మెల్లగ, మేళము కూడా అంతే. మేళం అంటే మామూలుగా హోరు. దాన్ని మెల్లగతో జత చేసేసరికి సన్నాయి ఒకటి దూరంగా వినిపించినట్టయింది. పోలిక చెప్పడానికి కవి వలె, పోలె అని ఏ మాటా వాడలేదు. యతే ఆ పని చేసింది. పద్యం చదివేటప్పుడు యతి మాటలు రెంటినీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు పద్యం సారాంశం ఆ రెండు మాటల్లోనే ఉంటుంది. లేకపోతే కవి యతిని కేవలం గండం గట్టెక్కడానికి వాడుకున్నాడన్నమాట.

అక్షరమైత్రి ఇష్టానుసారం పెట్టుకున్నది కాదు. క ఖ గ ఘ ఒక జట్టు, ప ఫ బ భ వ ఒక జట్టు, చ ఛ జ ఝ శ ష స ఒక జట్టు. నోటిలో పుట్టే చోట్లు దగ్గరివి. హల్లు కలిస్తే చాలదు, దాని మీది అచ్చూ కలవాలి. అ ఆ ఐ ఔ ఒక గుంపు, ఇ ఈ ఎ ఏ ఒక గుంపు, ఉ ఊ ఒ ఓ ఒక గుంపు. 17వ శతాబ్దంలో కాకునూరి అప్పకవి ఈ యతుల భేదాలన్నీ జాబితాలుగా విస్తరించాడు. ఆ జాబితాలు బట్టీ పట్టినవాళ్ళకు యతి భయం తగ్గలేదు, పెరిగింది. చెవి పట్టుకున్నవాళ్ళకు అవి అవసరం రాలేదు.

పాత పద్యం శబ్దంలో మరొక సంగతి నేటి చెవికి అడ్డుపడుతుంది. నా కందంలో కరిగెను చినుకుల అన్నాను. పాత వ్యాకరణం ఒప్పుకోదు. కరిగెను అన్నది నకారం చివరనున్న మాట, ద్రుతాంతం. దాని తర్వాత క చ ట త ప వస్తే, సరళాలనే గ జ డ ద బ అయిపోవాలి. అంటే కరిగెను జినుకుల అనాలి. మెల్లగ కరిగెను కూడా మెల్లగ గరిగెను కావాలి. నేటి శ్రోత జినుకులేమిటి అని ఆగిపోతాడు కనుక నేను వదిలేశాను. కాని పూర్వ కావ్యాల్లో ఈ మార్పు చేసే పని పెద్దది. పద్యం పొడుగునా గరుకు అక్షరాలు అరిగి నునుపెక్కుతాయి, మాటకూ మాటకూ మధ్య అతుకు కనిపించదు. నన్నయ పద్యం బిగ్గరగా చదివినప్పుడు అది ఒకే ఊపిరిగా వినిపించడానికి సంస్కృత సమాసాలు ఎంత కారణమో ఈ సరళాలూ అంతే కారణం. అర్థం తెలియాలని సంధులు విడగొట్టి చదివే అలవాటు ఈ మధ్య ఎక్కువైంది. అర్థం కోసం ఒకసారి విడగొట్టండి, తప్పదు. తర్వాత కలిపి చదవకపోతే మాత్రం మీరు విన్నది పద్యం కాదు, దాని టీక.

వృత్తాల్లో ఒక చిత్రం చెప్పి ముందుకు వెళ్తాను. ఉత్పలమాలకు 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఈ రెండూ వేరువేరు లెక్కలుగా నేర్చుకుంటాం. నిజానికి ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా చిదిపితే చంపకమాల. అంతకుమించి తేడా లేదు. పూవుల తోటలోన అంటే ఉత్పలమాల ఎత్తుగడ. విరిసిన తోటలోన అంటే చంపకమాల ఎత్తుగడ. పూ అన్నచోట గొంతు ఒక్క క్షణం నిలబడి బయల్దేరింది. విరిసిన అన్నచోట నాలుగు లఘువుల మీద పరుగెత్తుకొచ్చింది. శార్దూలానికీ మత్తేభానికీ మధ్య ఉన్నదీ సరిగ్గా ఇదే తేడా. కథలో ఎవరు మాట్లాడుతున్నారు, నిలబడి మాట్లాడుతున్నారా, ఉద్వేగంతో ఎత్తుకున్నారా అన్నది కవి ఈ ఒక్క గురువు దగ్గర తేల్చుకోవచ్చు. రెండు మాత్రలే, కాని పాదమంతా దాని మీదనుంచే దూకుతుంది.

ఆటవెలది వేరు. మూడు చిన్న అడుగులు, రెండు పెద్ద అడుగులు, మళ్ళీ అయిదు చిన్న అడుగులు. తకిట తకిట తకిట తకధిమి తకధిమి, తకిట తకిట తకిట తకిట తకిట. ప్రాస నియమం లేదు. వేమన దీన్ని పట్టుకున్నాడంటే ఆశ్చర్యం లేదు, వాడుక మాటకు ఎక్కువ అడ్డంకులు లేని కొలత ఇది. ద్విపద ఇంకా పాటకు దగ్గర. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణమంతా అందులో నడిపాడు.

ఇంతా విన్నాక నాటకం పద్యం మాటేమిటని మీలో కొందరికి అనిపిస్తుంది. రంగస్థలం మీద పద్యం పాడే తీరుతో నాకొక పేచీ ఉంది. పాదం చివర రాగం తీయడం మనకు ఎంతో ఇష్టం, జనం ఈలలు వేస్తారు, వన్స్ మోర్ అంటారు. కాని ఆ ఆలాపన లఘువును కూడా సాగదీసి గురువుకు గురువు చేసేస్తుంది. 64 మాత్రల కందం 200 మాత్రలవుతుంది, ప్రాస ఎక్కడ పడిందో తెలియదు. రాగం వద్దనడం లేదు. ఘంటసాల పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలు వినండి. ముందు మాటను మాటగా, కొలతను కొలతగా మీ చెవిలో వేస్తారు. రాగం ఆ తర్వాత వస్తుంది. మాట మీద రాగం నడిచింది గాని మాటను తొక్కలేదు.

ఆధునికుల దగ్గరికి వస్తే, గురజాడ 1910లో ముత్యాల సరాలు ప్రకటించారు. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడు, నాలుగు, మూడు, నాలుగు: పాదానికి 14 మాత్రలు. ఇదే లెక్కను సంగీతం మిశ్రచాపు అంటుంది. యతిప్రాసల కట్టుబాటు సడలించి, చెవికి పాట తెలిసిన కొలతను చేతిలో పెట్టారు. శ్రీశ్రీ మాత్రాఛందస్సును ఊరేగింపు అడుగుగా మార్చారు. మహాప్రస్థానం పుస్తకం 1950లో వచ్చింది, అందులోని గేయాలు కంఠతా వచ్చినవాళ్ళు తెలుగునాట ఎందరో, ఛందస్సు వద్దనే వాళ్ళతో సహా. పఠాభి 1939లోనే ఫిడేలు రాగాల డజన్‌తో ఛందస్సు మీద తిరగబడ్డారు. ఆ తరవాత కుందుర్తి వచన కవిత్వాన్ని ఒక ఉద్యమంగా నిలబెట్టారు.

మరి వచన కవితకు రూపం ఎక్కడుంది? లేదని పద్యప్రియులు కొట్టిపారేస్తారు, అక్కర్లేదని కొందరు వచన కవులే అంటారు. ఇద్దరితోనూ నేను ఏకీభవించను. ఇందాకటి వానే తీసుకుందాం.

మబ్బులు కరిగాయి
చూరు పాడుతోంది
వాకిట్లో ఆరబోసిన
మిరపకాయలు

గణం లేదు, యతి లేదు. కాని ఆరబోసిన దగ్గర పాదం విరిగింది. ఏం ఆరబోశారు? వడియాలా, బట్టలా, ధాన్యమా? ఆ లిప్తపాటు ఎదురుచూపు యతి చేసే పనే. చెవికి ఒక అప్పు పెట్టి తర్వాత తీర్చడం. రెండోది, క్రియ లేదు. తడిసిపోయాయని కవి అనలేదు, మీరు అన్నారు. కందంలో మిగిలిన మాత్రల్ని నింపడానికి నేడు వచ్చింది. ఇక్కడ నింపకపోవడమే కొలత. వచన కవితను పరీక్షించాలంటే పాదాలన్నీ కలిపేసి మామూలు వాక్యంగా చదవండి. ఏమీ పోలేదనిపిస్తే ఆ విరుపులు కాగితం మీద చేసినవే.

చివరగా, మైకు ముందు కవిత చదివే మిత్రులకు ఒక్క మాట. మిరపకాయలు అన్నప్పుడు గొంతు దించకండి. దించితే వాక్యం అయిపోయినట్టు వినిపిస్తుంది, శ్రోత క్రియ వెతుక్కోడు. కందంలో దీనికి తలకిందులు. అక్కడ జానపదముగా అన్న చివరి గురువు మీద గొంతు దించి కూర్చోపెట్టాలి, లేకపోతే పద్యం ఇంకా ఉందనుకుని ఎదురుచూస్తారు.